ఎదుట నిలబడి చదవలేని మాట

ఈ సంగతి రాసిపెట్టక తప్పదు. ఇందులో తప్పు నాది. ఆ తప్పును నాకు చూపిన కామాక్షమ్మ గారు ఇప్పుడు లేరు. ఈ ఉదయం మా ఇంటి వెనుక బడిలో గంట ఆగకుండా మోగింది. ప్రమాద సమయంలో పిల్లలు బయటికి ఎలా రావాలో నేర్పుతున్నారని తెలిసినా లేచి గేటుదాకా వెళ్లాను.

ముత్తుకూరు దాపున ఉన్న మా ఉన్నత పాఠశాలకు ఆవిడ ప్రధానోపాధ్యాయిని. నాకన్నా ఆరేళ్లు చిన్న. నేను అక్కడ మాస్టరును; బడి కాగితాల పని కూడా నాదే. ఆవిడ పెట్టిన నియమం ఒకటి నాకు బొత్తిగా నచ్చేది కాదు. విద్యార్థి మీద ఏ ఫిర్యాదు రాసినా, సంతకానికి ముందు ఆ విద్యార్థి ఎదుట, వాళ్ల పెద్దల ఎదుట, రాసినవారే పైకి చదవాలి. క్రమశిక్షణకు అది చేటని నేను వాదిస్తే, "చదవలేనిది రాయబాకండి మాస్టారూ" అనేవారు.

ఒక గురువారం తరగతి గదిలో చీటీ దొరికింది: "రేపు బడిలో బాంబు పేలద్ది. ఎవురూ రాబాకండి." ఆవిడ దాన్ని తేలిగ్గా తీసుకోలేదు. గంట కొట్టించి, పిల్లలను మైదానంలోకి పంపి, పోలీసులను పిలిచి ప్రతి గదీ వెతికించారు. నేను మాత్రం ఆ కంగారులో వాట్సాప్ గ్రూపులో "మన బడికి ఉగ్రవాదుల బెదిరింపు" అని పెట్టాను. గంటలోపే తల్లిదండ్రులు గేటు మీద పడ్డారు. చిన్న తరగతుల పిల్లలు బెదిరి ఏడ్చారు. అప్పుడు పదో తరగతి అమ్మాయి ఒకతె మేడం దగ్గరికి వచ్చింది. ఆమె పేరు ఇక్కడ రాయను. "నేనే రాసినా మేడం. రేపు లెక్కల పరీక్ష." నెలరోజులుగా తల్లితో చేపలు అమ్మడానికి పోతూ ఆ పిల్ల ఒక్క లెక్కా చేయలేదు.

మేం రాసిచ్చినదాన్ని బట్టే కేసు ఉంటుందన్నారు ఎస్సై. నేను ఒకటిన్నర పేజీ రాశాను. అందులో 'ఉగ్రవాద చర్య' మూడుచోట్ల ఉంది.

"పోయినేడు తేనెటీగలు లేచి బడి మూసినాం గదా, అప్పుడేం రాసినారు?" అన్నారు కామాక్షమ్మ గారు.

"తేనెటీగలు లేచినందున సెలవు ఇవ్వడమైనది, అని."

"అంతమందిని కుట్టినా వాటికి ఒక్క వాక్యం! ఈ బిడ్డకి ఒకటిన్నర పేజీనా?"

"శిక్ష వద్దంటారా మేడం?"

"చేసినదానికి వెయ్యండి. చెయ్యనిదానికి వద్దు. సరే, వాళ్లమ్మ రాగానే చదవండి."

తల్లి చేపల అమ్మకం మధ్యలోనే లేచి వచ్చింది. ముంజేతుల మీద చేప పొలుసులు ఇంకా ఉన్నాయి. మొదటిసారి ఆ మాట రాగానే, "అంటే ఏంది సార్?" అంది. జనాన్ని చంపి దేశాన్ని భయపెట్టేవాళ్ల పని అని చెప్పాను.

"ఎవుర్ని చంపింది సార్ ఇది? చేసింది తప్పే, నాలుగు తగిలించండి. ఆ మాట రాస్తే రేపు ఏ కాలేజీలో చేర్చుకుంటారు, ఏ కంపెనీ గేట్లోకి రానిస్తారు?"

రెండోసారి ఆ మాట దగ్గరికి వచ్చాక ఇక చదవలేకపోయాను. కాగితం చింపి, జరిగింది జరిగినట్టు నాలుగు వాక్యాలు రాశాను, తడబడకుండా చదివాను. ఎస్సై మందలించి వదిలేశారు. ఆ అమ్మాయి ప్రతి తరగతికీ వెళ్లి క్షమాపణ చెప్పి, మరునాడు పరీక్ష రాసింది.

అంతటితో తీరలేదు. నేను తుడిచేలోగా ఆ వాట్సాప్ సందేశం ఊళ్లు దాటింది. ఆ అమ్మాయి వాళ్లుండే పట్టపుపాలెంలో పిల్లలు ఆమెను ఆ మాటతోనే పిలుస్తున్నారని తెలిసింది. "కాగితం చింపినారు. జనం నోట్లో ఉండేదాన్ని ఎవురు చింపాల?" అన్నారు కామాక్షమ్మ గారు. ఆదివారం అక్కడికి వెళ్లి, వలలు బాగుచేసుకుంటున్న వాళ్ల ముందు ఆ నాలుగు వాక్యాలు చదివి, ఆ మాట నాదనీ, అబద్ధమనీ చెప్పాను. "ఇంత చదివినోడివి, బాంబుకీ బిడ్డకీ తేడా తెలీలేదా అయ్యా?" అని ఒక ముసలామె నవ్వింది. ఆ అమ్మాయి ఇంట్లోంచి బయటికి రాలేదు.

పది పాసై వెళ్లిపోయిందని విన్నాను. ఆ మాట ఆమె వెంట వెళ్లిందో లేదో నాకు తెలియదు. ఏదో బడికి బెదిరింపు వచ్చిందని టీవీలో ఆ మాట వినబడిన ప్రతిసారీ నాకు గుబులు పుడుతుంది: ఆ మాట రాసినవారు దాన్ని, నింద పడ్డ పిల్లల ఎదుట చదివి చూశారా?

నా జ్ఞాపకం పాతబడింది; పొరపాట్లు ఉండవచ్చు. ఎవరు చూపినా దిద్దుకుంటాను. ఆ అమ్మాయే చూపితే, ఆమె ఎదుట నిలబడి దీన్ని మొదటినుంచీ చదువుతాను.