అమ్మ చేసిన కువైట్ బర్గర్

అమ్మలు కువైట్‌లో ఇంటిపని చేస్తుండగా, కడప జిల్లాలో అవ్వల దగ్గర పెరిగిన నా ఈడువారి కోసం ఇది రాస్తున్నాను. మా అమ్మ ఇప్పుడు లేదు. అడగడానికి మీరే మిగిలారు.

నేనిప్పుడు కువైట్‌లోనే, అహ్మది అనే చమురు పట్టణంలో చమురు నమూనాలు పరీక్షించే ఉద్యోగం చేస్తున్నాను. ఈ శుక్రవారం గదిలో ఒక్కదాన్నే బర్గర్ చేసుకున్నాను. కైమా తూచి, ఎండిన నల్ల నిమ్మకాయ పొడి కొలిచి కలిపాను. పెనం మీద వేయగానే లేచిన ఆ పుల్లని పొగకు రాజంపేటలోని మా వంటిల్లు కళ్లముందు నిలిచింది.

సెలవుకు వచ్చిన అమ్మ పెట్టె తెరిస్తే ఇల్లంతా కమ్ముకునే ఆ నల్ల నిమ్మకాయల వాసన మీకూ గుర్తుందా? మా అమ్మ దోసెల పెనం మీదే కైమా ముద్దను అట్లకాడతో అణిచి, బేకరీ బన్నును నేతిలో కాల్చేది. యజమానురాలిని ఆమె మామా అనేది.

“మామా పిల్లోళ్లకు ఇదంటే పానం.”

“నువ్వు తినవా మా?”

“ఆడ దినామూ చేసేదే కదమ్మా. తిను, సల్లారిపోతాది.”

రోజూ చేస్తుంది కనుక రోజూ తింటుందని అనుకున్నాను. ఆమె వాటా కూడా నేనే తినేశాను.

ఆ మామా ఇంట్లో ఆమెకు ఒక్కసారైనా ఒక బర్గర్ పెట్టారో లేదో నాకు తెలియదు.