సీటు కాస్త పైకి

పాత ఇనప సామాన్లు కొనే అతను గేటు దగ్గర బండి ఆపి, "అమ్మా, ఆ సైకిలు ఇచ్చేస్తారా?" అని అడిగాడు.

వరండా మూలనున్నది మా అమ్మాయి సైకిలు. అమ్మాయి ఇంజనీరింగుకని విజయవాడ హాస్టలుకి వెళ్ళాక దాన్ని ముట్టుకున్నవాళ్ళు లేరు. ముందున్న బుట్టలో నేను బట్టలకు పెట్టే క్లిప్పులు వేసుకునేదాన్ని. మా ఆయన లోపల్నుంచే, "ఇచ్చెయ్యవే, చోటు ఖాళీ అవుద్ది" అన్నారు.

ఏమనిపించిందో నాకే తెలియదు. "లేదు బాబూ, వాడుకుంటాం" అని చెప్పి పంపించేశాను.

"ఎవరు వాడతారు?" అన్నారు మా ఆయన బయటికొచ్చి.

"నేనే."

ఆయన నవ్వారు. నాకూ నవ్వొచ్చింది. అప్పటికి నాకు యాభై దగ్గరపడుతోంది. సైకిలు తొక్కడం రాదు.

మా పుట్టిల్లు చీరాల దగ్గర. ఇంటినిండా మగ్గాలే. నూలు తేవడానికి అన్నయ్య సైకిలు తీసుకుని నేనూ వెళ్ళేదాన్ని. వెనక స్టాండు మీద నూలు కట్టలు తాడుతో బిగించి, పక్కన నడుస్తూ, తోసుకుంటూ ఇంటికొచ్చేదాన్ని. ఎక్కొద్దని నాకెవరూ చెప్పలేదు. ఎక్కమనీ ఎవరూ అనలేదు. అలా పెళ్ళయింది, తెనాలి వచ్చాను, ఇంట్లోనే మిషను పెట్టుకుని జాకెట్లు కుట్టడం, చీరలకు ఫాల్సూ పీకో వెయ్యడం మొదలుపెట్టాను. ఎక్కడికెళ్ళాలన్నా మా ఆయన స్కూటరు, లేకపోతే ఆటో.

ఆ నెల్లోనే ఏదో పెళ్ళికని మా ఆయన అక్కగారు బాపట్ల నుంచి వచ్చి మా ఇంట్లో దిగారు. వదినగారు హైస్కూల్లో డ్రిల్లు టీచరుగా చేసి రిటైరయ్యారు. పక్క వీధిలో ఉన్నవాళ్ళు కూడా ఉలిక్కిపడేంత గొంతు ఆవిడది. సైకిలు సంగతి మా ఆయన నవ్వులాటగా చెప్పబోతే, ఆవిడ నవ్వలేదు. లేచి వెళ్ళి టైర్లు నొక్కి చూశారు.

"గాలి కొట్టించుకురా తమ్ముడూ. రేపు పొద్దున్నే వెళ్దాం."

"ఎక్కడికి వదినా?" అన్నాను భయంగా.

"మనుషులు లేని చోటికి."

అంగలకుదురు వైపు పొలాలు చదును చేసి ప్లాట్లు వేసిన వెంచరొకటి ఉంది. సిమెంటు రోడ్లు వేశారుగానీ ఇళ్ళింకా లేవలేదు. తెల్లవారుతుండగా అక్కడికి చేరాం. నేను అమ్మాయి పాత పంజాబీ డ్రెస్సు వేసుకున్నాను. వదిన సీటు బాగా కిందికి దించేసి, "పెడల్ సంగతి మర్చిపో. సీటు మీద కూర్చుని కాళ్ళతో నేలని తన్నుకుంటూ పో" అన్నారు.

బాతులా ఆ చివర్నుంచి ఈ చివరికి తిరిగాను. వెనక ఆవిడ నడుస్తూ, "చక్రం వంక చూస్తావేం? అదెక్కడికీ పోదులే. దూరంగా చూడు!" అని ఒకటే కేకలు.

రెండో రోజు పెడలు మీద కాళ్ళు పెట్టమన్నారు. పెట్టాను, రెండు తిప్పులు తిప్పాను, నేరుగా పోయి ఖాళీ ప్లాటులో పడ్డాను. దెబ్బేం తగల్లేదుగానీ చున్నీ నిండా పల్లేరుకాయలు. ఆవిడ లేపలేదు. నా పక్కన కూర్చుని చున్నీలోంచి ఒక్కొక్కటీ తీస్తూ, "నేను నేర్చుకున్నప్పుడు పెంటకుప్పలో పడ్డాను. నీకిది నయం" అన్నారు. ఇద్దరం అక్కడే కూర్చుని చాలాసేపు నవ్వుకున్నాం.

వదిన వెళ్ళిపోయే ముందు రోజు పొద్దున అది జరిగింది. ఆవిడ సీటు వెనక పట్టుకున్నారనుకుంటూ తొక్కుతున్నాను. మలుపు దగ్గర ఏదో అడిగితే జవాబు రాలేదు. తల తిప్పి చూస్తే ఆవిడ ఎక్కడో వెనక, నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడి ఉన్నారు. ఆపడం ఎలాగో తెలియక అలాగే తొక్కుకుంటూ పోయాను. చెవుల దగ్గర గాలి. నాలోంచి నవ్వో కేకో ఒకటి వచ్చింది. చివరికి ఇసక గుట్టలోకి పోనిచ్చి ఆపాను.

అంతవరకూ బాగానే ఉంది. ఆ తర్వాతే నొప్పులు మొదలయ్యాయి.

ఎవరికి చెప్పుకోను? కూర్చునే చోట నొప్పి. మిషను ముందు స్టూలు మీద కూర్చోలేక దుప్పటి మడతపెట్టి వేసుకున్నాను. జాకెట్టు కొలతలివ్వడానికొచ్చిన అమ్మాయి, "ఏంటక్కా, అలా ఒరిగి కూర్చున్నావ్?" అంటే, నడుం పట్టేసిందని అబద్ధం చెప్పాను. తొడలు పచ్చిపుండులా ఉన్నాయి. సాయంత్రమయ్యేసరికి బొటనవేళ్ళు మొద్దుబారి సూదిలో దారం ఎక్కించలేకపోయేదాన్ని. ఇదంతా నాకవసరమా అని చాలాసార్లు అనుకున్నాను. అయినా పొద్దున్నే మెలకువ వచ్చేసేది, కాళ్ళు వరండాలోకి నడిచేవి.

బాపట్లకి ఫోన్ చేశాను.

"వేళ్ళు మొద్దుబారుతున్నాయి వదినా."

"హ్యాండిల్ పట్టుకుంటున్నావా, ఎవరి పీకైనా పట్టుకుంటున్నావా? వదులుగా పట్టుకో. మోచేతులు కాస్త వంచు. భుజాలు చెవుల దగ్గర పెట్టుకోకు."

"కూర్చునే చోట కూడా..."

"దానికి మందు లేదు. రోజు విడిచి రోజు తొక్కు. ఒళ్ళు దానంతటదే సర్దుకుంటుంది. దిండ్లూ దూదులూ కట్టావంటే ఇంకా ఒరుసుకుంటుంది."

ఆవిడ చెప్పినట్టే జరిగింది. వేళ్ళు తేరుకున్నాయి, కూర్చోవడం అలవాటైంది. కానీ మోకాళ్ళు మొదలుపెట్టాయి. చిప్ప ముందు భాగంలో సన్నగా గుచ్చినట్టు. మేడ మెట్లు దిగుతుంటే తెలిసేది. ఈ వయసులో ఇంకేం సైకిలు అని నాకే దిగులేసింది. మళ్ళీ ఫోన్.

"సీటెక్కడుంది?" అన్నారు వదిన.

"మీరు పెట్టిన చోటే ఉందండి."

"అయ్యో రామ! అది నేర్చుకోడానికి దించింది. అంత కిందుంటే మోకాళ్ళు మడిచి మడిచి నొప్పెట్టవూ? పైకి తియ్యి. మడమ పెడలు మీద పెడితే కాలు సాఫీగా చాపుకోవాలి."

"పైకి తీస్తే కాళ్ళు నేలకి అందవు కదా వదినా."

"అందక్కర్లేదు. ఆపాక సీటు మీంచి ముందుకి జారి దిగాలి."

వినడానికి సులువుగానే ఉంది. చాలా రోజులు ఆ సీటు జోలికి పోలేదు. పడిపోబోతే రెండు కాళ్ళూ నేల మీద ఆనతాయి అన్న ధైర్యంతోనే నేను తొక్కుతున్నాను. అది వదులుకోవాలంటే ప్రాణం ఒప్పలేదు. చివరికి మెట్ల నొప్పి భరించలేక ఓ పొద్దున మా ఆయన్ని పానా పట్టుకురమ్మన్నాను. వేలెడు పైకి తీశారు. వీధి చివరిదాకా వెళ్ళి దిగాను. పడలేదు. కొన్నాళ్ళకి ఇంకో వేలెడు. ఆ తర్వాత మా ఆయన్ని అడగకుండా నేనే తిప్పుకున్నాను. సీటు పైకి వెళ్తున్నకొద్దీ తొక్కడం తేలికైంది. నెలా రెండు నెలల్లో మోకాలి నొప్పి ఎప్పుడు పోయిందో కూడా గమనించలేదు.

ఊళ్ళోకి వెళ్ళడం మాత్రం వేరే భయం. తెనాలిలో కాలవ దాటకుండా ఎక్కడికీ వెళ్ళలేం, కాలవ మీద ప్రతి వంతెనా ఎత్తే. వెనక నుంచి హారన్ వినబడితే, అదంతా నన్ను తిట్టడమే అనిపించేది. ఓ రోజు వంతెన ఎక్కుతుంటే వెనకే ఆర్టీసీ బస్సొచ్చింది. నేను బిగుసుకుపోయి మధ్యలోనే దిగిపోయాను. బస్సు ఆగిపోయింది. సిగ్గుతో తల దించుకుని పక్కకి తోసుకుంటుంటే, కిటికీలోంచి ఓ పెద్దావిడ తల బయటపెట్టి, "కంగారు పడకమ్మాయ్, నీ దారిన నువ్వు పో. బస్సు ఎక్కడికి పోద్ది!" అంది. డ్రైవరు కూడా చెయ్యూపి ముందు పొమ్మన్నాడు. అందరూ నన్ను విసుక్కుంటున్నారనే ఊహ నాదే. ఆ తర్వాత హారన్ మోగితే ఎడమకి కొంచెం జరిగి తొక్కుకుంటూ పోవడం నేర్చుకున్నాను.

ధైర్యం ఒక్కోసారి ఎక్కువైపోతుంది కూడా. ఓ ఆదివారం ఒట్టి కాఫీ తాగి, వేమూరు వెళ్ళొచ్చేస్తానని బయల్దేరాను. మొదట్లో ఎవరో తరుముతున్నట్టు తొక్కాను. వేమూరు ఇంకా దూరం ఉండగానే పిక్క పట్టేసింది. రోడ్డు పక్క టీ కొట్టు బల్ల మీద కూలబడ్డాను. కొట్టావిడ చక్కెర ఎక్కువేసి టీ ఇచ్చి, అరటి గెలలు వేసుకుని తెనాలి పోతున్న ట్రాలీ ఆటోని కేకేసి ఆపింది. గెలల పక్కన సైకిలు, సైకిలు పక్కన నేను. ఇంటికొచ్చాక మా ఆయన నీళ్ళు కాచి పెట్టారు. స్నానం చేసి, కాళ్ళకి నూనె రాసుకుని పడుకుంటే, ఓడిపోయానన్న బాధకంటే ఆ వేడినీళ్ళ సుఖమే ఎక్కువగా ఉంది.

రేపల్లె సంగతి ఆ చలికాలంలో వచ్చింది. అక్కడ ఓ పెళ్ళివారింటికి జాకెట్లు కుట్టాను. ఎప్పుడూ మా ఆయనే బస్సులో పట్టుకెళ్ళి ఇచ్చొస్తారు.

"ఈసారి నేను తీసుకెళ్తానండి" అన్నాను.

ఆయనకి అర్థమైంది. "సైకిలు మీదా? అంత దూరం?"

"ఆగి ఆగి వెళ్తాను. టిఫిన్ తిని బయల్దేరతాను."

ఆయన రైళ్ళ టైములు చూసి, "సరే, నేను రైల్లో వచ్చి స్టేషన్లో ఉంటా. నీవల్ల కాకపోతే ఫోన్ చెయ్యి" అన్నారు. అక్కడితో ఆగకుండా వాళ్ళక్కకి ఫోన్ చేశారు. ఆవిడ బాపట్ల నుంచి బస్సులో వస్తానన్నారు.

కోతలైపోయిన రోజులు. రోడ్డులో సగం మేర వడ్లు ఆరబోసి ఉన్నాయి. ఆడవాళ్ళు ఆ వడ్ల మీద నడుస్తూ కాళ్ళతో చాళ్ళు తీస్తున్నారు. నేను మిగిలిన సగంలో మెల్లగా పోతున్నాను. వేమూరులో దిగి ఇడ్లీ తిన్నాను. మళ్ళీ ఎక్కాను. భుజాలు బిగిసినప్పుడల్లా ఓసారి కిందికి వదిలేశాను. పిక్క పట్టేస్తుందేమో అనిపించిన చోటల్లా దిగి నడిచాను. తోసుకుంటూ నడవడం నాకు చిన్నప్పటి నుంచీ వచ్చిన విద్యేగా, అందులో నామోషీ ఏం లేదు.

రోడ్డుకి దగ్గరగా పట్టాలున్న చోట రేపల్లె పాసింజరు నన్ను దాటిపోయింది. తలుపు దగ్గర మా ఆయన నిలబడి చెయ్యూపుతూ ఏదో అరుస్తున్నారు. ఏమీ వినపళ్ళేదు. నేనూ చెయ్యూపాను. ఒక్క చేత్తో హ్యాండిల్ పట్టుకుని తొక్కడం అదే మొదటిసారి అని ఆ తర్వాత తట్టింది.

భట్టిప్రోలులో మజ్జిగ తాగి నీడలో చాలాసేపు కూర్చున్నాను. ఆ తర్వాత రోడ్డు సాగుతూనే ఉంది. నడుం లాగింది, అరికాళ్ళు మండాయి. కానీ అది నన్ను భయపెట్టే నొప్పి కాదు. ఏ నొప్పికి ఆగాలో, ఏ నొప్పితో సాగిపోవచ్చో అప్పటికి నా ఒంటికి తెలిసిపోయింది. రైసుమిల్లుల పొగగొట్టాలు కనబడగానే, రేపల్లె వచ్చేసిందని ఇంకాస్త గట్టిగా తొక్కాను.

స్టేషను ముందు ఇద్దరూ వేపచెట్టు నీడన నిలబడి ఉన్నారు. సీటు మీంచి ముందుకి జారి దిగాను. వదిన వచ్చి నా రెండు భుజాలూ పట్టుకున్నారు.

"రైల్లోంచి ఏం అరిచారండీ?" అన్నాను మా ఆయన్ని.

"చున్నీ చక్రంలో పడుద్ది, ముడేసుకో అన్నా!"

చూసుకుంటే నిజంగానే ఒక కొస కిందికి వేలాడుతోంది. ముగ్గురం నవ్వాం.

పెళ్ళివారింట్లో జాకెట్లు ఇచ్చి, భోజనం చేసి మళ్ళీ స్టేషను దగ్గరికి వచ్చాం. వదిన ఉన్నట్టుండి, "ఏదీ, ఓసారి ఇటివ్వు" అని సైకిలు అందుకున్నారు. ఆవిడ స్కూటరు కొన్నాక సైకిలు మానేశారు. కళ్ళ ఆపరేషనయ్యాక స్కూటరూ మానేశారు. అప్పటికి ఏళ్ళు గడిచిపోయాయి. మా ఆయన, "అక్కా, వద్దక్కా!" అంటూనే ఉన్నారు. ఆవిడ చీర కుచ్చిళ్ళు పైకి దోపి, ఒక కాలితో తోసుకుంటూ ఎక్కేశారు. మొదట్లో వంకర్లు పోయింది. ఆ తర్వాత స్టేషను ఆవరణ చుట్టూ ఒక రౌండు, ఇంకో రౌండు. ఆటోవాళ్ళు పక్కకి జరిగి దారిచ్చారు. దిగాక ఆయాసపడుతూ, "ఈ సీటు నాకు ఎత్తయింది" అన్నారు.

నాకింక తొక్కే ఓపిక లేదు. సైకిలు తెనాలి పోయే ట్రాలీ ఆటోలో వేసి, ముగ్గురం రైలెక్కాం.

సంక్రాంతి వెళ్ళగానే వదిన తనకోసం ఓ సైకిలు కొనుక్కున్నారు. ఇప్పుడు నేను నెలకోసారి బాపట్ల వెళ్తుంటాను. పక్కింటివాళ్ళమ్మాయి సైకిలు వదిన నాకోసం అడిగి ఉంచుతారు. సీటు మాత్రం నేనే సరిచేసుకుంటాను. పొద్దున్నే సూర్యలంక రోడ్డున బయల్దేరతాం. సముద్రం దగ్గరికి వెళ్తున్నకొద్దీ ఎదురుగాలి. వదిన ముందు, నేను వెనక. కొన్నిసార్లు నేను ముందు. మధ్యలో సపోటాలు అమ్మేచోట ఆగుతాం. ఇసక మీద కాళ్ళు చాపుకుని కూర్చుని, ఎవరికెక్కడ నొప్పెడుతోందో చెప్పుకుంటాం. ఆవిడకి మెడ, నాకు నడుం.

"బామ్ తెచ్చావా?" అంటారు వదిన.

"మీరు తెస్తారనుకున్నాను."

"నేనూ అదే అనుకున్నా."

అలలు చూస్తూ ఇంకాసేపు కూర్చుంటాం. వెనక్కి వచ్చేటప్పుడు గాలి వీపుని తోస్తుంది. పెద్దగా తొక్కనక్కర్లేదు.