టబ్బుకు అడ్డం రాయి

గోదావరిఖనిలో మా చౌరస్తాలోని టబ్బు ఎక్కడికైనా పోతుందేమోనని భయపడిన మనిషి ఒక్కడే. మా పక్క క్వార్టర్‌లో ఉండే కాక.

ఊరు పుట్టిందే బొగ్గుబావి వల్ల. అందుకు గుర్తుగా, ఒకప్పుడు పట్టాల మీద బొగ్గు మోసిన ఇనుప టబ్బును గద్దె మీద నిలబెట్టి, చక్రాలు సిమెంటులో పాతేశారు. అయినా కాక రోజూ పొద్దున చాయ్ తాగి వచ్చి, ముందు చక్రానికొకటి, వెనక చక్రానికొకటి రాయి అడ్డం పెట్టేవాడు. బావిలో ముప్పయ్యేళ్లు టబ్బులు నెట్టి రిటైరైన మనిషి మరి.

"సిమెంటుల ఉన్నది యాడికి పోతది కాకా?" అని నేను నవ్వితే, "టబ్బును నమ్మద్దు బిడ్డా" అనేవాడు. చౌరస్తా ఊడ్చే అక్క తిట్టుకుంటూ ఆ రాళ్లను రోజూ తీసి పారేసేది.

ఒకరోజు గద్దెకు టైల్స్ వెయ్యడానికి వచ్చిన మేస్త్రీ చక్రాల చుట్టూ ఉన్న సిమెంటును పగలగొట్టేశాడు. గద్దె వాలుగా ఉందని ఎవరికి తెలుసు? రాళ్లు తీసెయ్యడానికి అక్క అప్పుడే అటు వస్తోంది. టబ్బు కిర్రుమని కదిలింది. అక్క చీపురు వదిలేసి కెవ్వుమంది. జానెడు జరిగిన టబ్బు, కాక పెట్టిన రాయికి తగిలి ఆగింది.

కబురు విని కాక వచ్చాడు. అక్క దండం పెట్టింది, జనం చప్పట్లు కొట్టారు. ఆయన మాత్రం వంగి చక్రాలు చూసి, మొహం చిన్నబుచ్చుకుని నా చెవి దగ్గరికి వచ్చాడు.

"ఎవరికి చెప్పకు బిడ్డా. మోకాళ్లు నొస్తున్నయని ఇయ్యాల ఒక్క రాయే పెట్టిన. బావిల అయితే డ్యూటీల తప్పు చేసినవని ఛార్జిషీటు ఇచ్చేటోళ్లు."