ఆరో నంబర్ గది అవ్వ

మధ్యాహ్నం రెండు గంటల పది నిమిషాలకు మా ఆఫీసులో కరెంటు పోయింది. గాలివాన మొదలైతే జనగామలో కరెంటు పోవడం వార్తేమీ కాదు. ఆ తర్వాత జరిగినదాని కోసమే ఇది రాస్తున్నాను.

చచ్చినవాళ్లు తిరిగి వస్తారని నేను ఏనాడూ అనుకోలేదు. చుట్టాల్లో ఎవరికైనా గాలి సోకిందంటే, జ్వరం గోలీ ఇచ్చి పడుకోమని చెప్పేది నేనే. ఇప్పుడైనా నా అభిప్రాయం మారిందని చెప్పలేను. కాబట్టి ఉన్నది ఉన్నట్టు రాస్తాను.

మా ఆఫీసు బస్టాండు దగ్గర, ఎరువుల దుకాణం పైన ఉంటుంది. కెనడాలోని ఒక వృద్ధాశ్రమం తన రాత్రి కాపలా పనిని మాకు అప్పగించింది. అక్కడ రాత్రి అయితే ఇక్కడ పగలు. అక్కడ నిద్రపోతున్న ముసలివాళ్ల గదులను కెమెరాల ద్వారా ఇక్కడ కూర్చుని చూస్తాం. ఎవరైనా మంచం దిగబోతే బటన్ నొక్కుతాం. నర్సు దగ్గరున్న ఫోన్ మోగుతుంది, ఆమె ఆ గదికి పరుగెత్తుతుంది. వాళ్లకు రాత్రిళ్లు పనిచేసే మనుషులు దొరకరు, దొరికినా జీతాలు ఎక్కువ. మాకేమో హైదరాబాదు వెళ్లి హాస్టల్లో ఉండే బాధ తప్పింది. పొద్దున టిఫిన్ డబ్బాతో బస్సెక్కితే సాయంత్రానికి ఇంట్లో ఉంటాం. మొదట్లో ఇలాంటి ఆఫీసులకు బిల్లులు టైపు చేసే పని వచ్చేది. తర్వాత ఫోన్లు ఎత్తే పని వచ్చింది. ముసలివాళ్లను కనిపెట్టుకుని ఉండే పని కూడా సముద్రాలు దాటి వస్తుందని ఎవరూ అనుకోలేదు.

ఇందులో నాకంటే ముందు చేరింది మా అక్క స్వరూప. నన్ను చేర్పించిందీ ఆమే. ఆమె చూసే గదుల్లో ఆరో నంబర్ ఒకటి. పేర్లు మాకు చెప్పరు. ఆ గదిలో ఒక బక్కపల్చటి ముసలామె ఉండేది. ఒకసారి పడి తుంటి ఎముక విరగ్గొట్టుకుంది. ఇంకోసారి పడితే బతకదని, ఆ గది మీది నుంచి చూపు తిప్పవద్దని అక్కడి నర్సు మాకు గట్టిగా చెప్పింది. ముసలామె మాత్రం తెల్లవారుజామున మెలకువ వస్తే ఒక్క క్షణం ఆగదు. వెంటనే కాళ్లు కింద పెట్టేస్తుంది.

అక్క బటన్ నొక్కుతూనే తెరతో మాట్లాడేది. "ఆగవ్వా! జర ఆగవ్వా, వస్తున్నరు!" ఆ చివరి అక్షరాన్ని బాగా సాగదీసేది. మా నానమ్మనూ అలాగే పిలిచేది. పక్క కుర్చీలో కూర్చునే రజిత ఆటపట్టించేది.

"అక్కా, నీ రఘునాథపల్లి మాటలు కెనడా ముసలామెకు సమజైతయా?"

"అవ్వలకు అన్ని సమజైతయ్ తియ్యే. నీకే కావు."

నిజానికి ఆ మాట అక్కడికి వెళ్లే దారే లేదు. ఆ కెమెరాలు చూస్తాయి, అంతే. ఆ గదుల్లో మైకు లేదు, స్పీకరు లేదు. నర్సుతో మాట్లాడాలంటే ఫోన్ చేయాలి. అది ఇంగ్లీషులోనే.

వానాకాలంలో అక్కకు డెంగీ వచ్చింది. వరంగల్ దవాఖానలో చేర్చాం. తెలివిలో ఉండగా నాతో అన్న చివరి మాట పని గురించే. "తమ్మీ, అవ్వ గది నువ్వే చూడు. వేరేటోళ్లకు ఇయ్యకు." తర్వాత ఆమె మాట్లాడలేదు. బతకలేదు.

పోయినవాళ్ల ఇంటివాళ్ల కోసం పాస్టరు జరిపే ఆదరణ కూడిక మా ఇంట్లో అయ్యాక, సోమవారం వెళ్లి ఆమె కుర్చీలో కూర్చున్నాను. నేను తెరతో మాట్లాడలేదు. బటన్ నొక్కడం వరకే నా పని.

కొన్ని వారాల తర్వాత, నేను మొదట చెప్పిన ఆ మధ్యాహ్నం, కరెంటు పోగానే ఎప్పుడూ అందుకునే ఇన్వర్టర్ అందుకోలేదు. ఇంటర్నెట్ కూడా పోయింది. తెరలన్నీ నల్లబడ్డాయి. అలాంటప్పుడు మా సూపర్‌వైజర్ శ్రీనన్న తన సెల్‌ఫోన్ నుంచి నర్సుకు చెప్పాలి. ఆయన చేస్తూనే ఉన్నాడు. "ఎత్తుతలేదు గదరా!" అంటూ మళ్లీ చేశాడు. అది అవ్వకు మెలకువ వచ్చే వేళ. నేను లేచి నల్లటి తెర ముందు నిలబడ్డాను. అక్క నాకు అప్పగించింది ఒక్క పని.

జనరేటర్ మొదలై, లైను కలిసి, తెర వెలిగింది. ముందు నేలనే చూశాను. నేల ఖాళీగా ఉంది. అవ్వ మంచం మీద కూర్చుని ఉంది. రెండు కాళ్లూ పైకి ముడుచుకుని, చేతులు ఒళ్లో పెట్టుకుని, కెమెరా వైపు చూస్తోంది. ఆమె అలా ఆగి కూర్చోవడం నేనెప్పుడూ చూడలేదు. బటన్ నొక్కాను. కాసేపటికి నర్సు వచ్చింది.

తర్వాత నర్సే ఫోన్ చేసింది. అవతలి చివర గదిలో ఇంకొకరు పడితే హడావిడిలో ఫోన్ బల్ల మీద వదిలి వెళ్లిందట. క్షమించమంది. గదిలో స్పీకరు పెట్టిన సంగతి తమకెందుకు చెప్పలేదని అడిగింది. అలాంటిదేమీ లేదన్నాను. ఒక అమ్మాయి తనను ఆగమందని ముసలామె అంటోందట, ఆ అమ్మాయి అన్న మాటే పదేపదే చెబుతోందట. అది ఏ భాషో వినమని ఫోన్ ఆమె నోటి దగ్గర పెట్టింది.

"ఆగవ్వా," అంది ముసలామె. "జర ఆగవ్వా."

చివరి అక్షరం సాగింది.

హెడ్‌ఫోన్ తీసేశాను. ఏమైందని రజిత అడిగితే హెడ్‌ఫోన్ ఆమెకిచ్చాను. ఆమె విని "స్వరూపక్కా!" అని అరిచి, కుర్చీ పడేసుకుంటూ లేచింది. ఆఫీసంతా మా వైపు తిరిగింది.

మర్నాడు శ్రీనన్న వృద్ధాశ్రమం నుంచి రికార్డింగు తెప్పించాడు. ముగ్గురం చూశాం. అవ్వ నిద్ర లేచింది. దుప్పటి తీసింది. ఒక కాలు నేలకు ఆనించింది. అక్కడే ఆగిపోయింది. తల ఎత్తింది. ఏదో విన్నదానిలా తల ఊపి, కాలు పైకి తీసుకుంది. గదిలో ఎవరూ లేరు.

నర్సు కెమెరా విప్పించి చూపించింది. స్పీకరు లేదు. అక్కడ తెలుగువాళ్లు ఎవరూ పనిచేయడం లేదు. అక్క ఆ మాట ఏనాడూ ఫోన్లో అనలేదు.

ఇంటికి వెళ్లి అమ్మకు చెప్పాను. చిక్కుడుకాయలు తుంచుతూ మొత్తం విన్నది.

"మరి గా ముసలామె పడ్డదా?"

"పడలేదమ్మా."

"గట్లైతె మంచిదే బిడ్డా," అని మళ్లీ చిక్కుడుకాయలు అందుకుంది. కాసేపటికి కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది.

ఆ చలికాలంలోనే, మనిషి లేవబోతే వాటంతట అవే పసిగట్టే యంత్రాలు ఆ వృద్ధాశ్రమంలో పెట్టారు. మాకు వేరే దేశపు దుకాణాల బిల్లులు టైపు చేసే పని ఇచ్చారు. చివరి రోజు, ఎవరూ వినకుండా, తెరతో ఒక్కసారి మాట్లాడాను. "పోయొస్త అవ్వా" అన్నాను. ఏమీ జరగలేదు. ఆమె నిద్రపోతోంది.

ఎన్ని కారణాలు వెతికినా ఒక్కటీ సరిపోలేదు. ఆరో నంబర్ గదిని ఇప్పుడు ఇక్కడి నుంచి ఎవరూ చూడటం లేదు.