పాస్టు పెర్ఫార్మెన్సు సొలొమోను

సొలొమోను బాబాయికి ఒక అన్యాయం జరిగింది. దాంతోపాటే ఒక జబ్బు పట్టుకుంది. ఎదుట ఉన్నది మనిషైనా, చేపైనా, గొడుగైనా "నీ పాస్టు పెర్ఫార్మెన్సు ఏటి?" అని అడక్కుండా ముందుకు కదలడు.

ముందు అన్యాయం సంగతి చెబుతాను. రైలు డ్రైవర్లూ గార్డులూ డ్యూటీ దిగి పడుకునే రన్నింగ్ రూము దుప్పట్లు ఉతికే కాంట్రాక్టు ఏళ్లుగా బాబాయిదే. ఎనభై ఎనిమిదిలో మళ్లీ టెండరు పిలిచారు. అందరికన్నా తక్కువ రేటు బాబాయే వేశాడు. పని మాత్రం విల్‌ఫ్రెడ్ అనే కొత్తవాడికి ఇచ్చారు. బాబాయి పాస్టు పెర్ఫార్మెన్సు, అంటే వెనకటి పనితీరు, బాగులేదట. కిందటి వానాకాలంలో మంచాల మీద మాసిన దుప్పట్లు పరిచారని డ్రైవర్లు గోల చేశారు. విల్‌ఫ్రెడ్ మీద ఒక్క ఫిర్యాదూ లేదు. ఎలా ఉంటుంది? వాడు జన్మలో చేతిరుమాలు కూడా ఉతకలేదు. ఈ దేశంలో పైకి రావాలంటే ఏం చెయ్యకూడదో నాకు ఆరోజే తెలిసింది.

బాబాయి పద్ధతి గల మనిషి. రన్నింగ్ రూములో దింపే ఉతికిన మూటకి పచ్చగుడ్డ, అక్కణ్నుంచి తీసుకెళ్లాల్సిన మాసిన మూటకి ఎర్రగుడ్డ కట్టేవాడు. "రైలూరోళ్లకి ఇంకేటి సెప్పాలి? పచ్చయితే పరిచీ, ఎరుపైతే ఆగిపో" అనేవాడు. అలాంటివాడు మాసినవి పంపుతాడా? విల్‌ఫ్రెడ్ కాంట్రాక్టు రద్దు చెయ్యమని పై ఆఫీసరుకు అర్జీ పెడదామన్నాను. తూకానికి కొన్న చట్టం పుస్తకం అట్ట దగ్గర్నుంచీ నమిలేసి ఉన్నాను. ఉద్యోగం లేనివాడికి కోపానికీ తీరికకీ లోటుండదు.

"రాయి," అన్నాడు బాబాయి. "అవున్రా, అర్జీలు రాయడంలో నీ పాస్టు పెర్ఫార్మెన్సు ఏటి?"

అక్కణ్నుంచి మొదలు. గోల్‌బజారులో చేపలమ్మే బెంగాలీ దాదాని పట్టుకున్నాడు. "దాదా, ఈ రుయి మాఛ్ పాస్టు పెర్ఫార్మెన్సు కైసా?"

"కాల్ పర్జంతో జొలే ఛిలో, బాబా!" అన్నాడు దాదా. నిన్నటిదాకా నీళ్లలోనే ఉందిట.

"నీళ్లల్లో పుట్టి కూడా వల తప్పించుకోనేకపోయింది. బాగునేదు. రేటు తగ్గించు."

చర్చికి కొత్త పాస్టరు వచ్చారు. "అయ్యగారూ, పాత సంఘంలో తమరి పాస్టు పెర్ఫార్మెన్సు ఏటండి?" అయ్యగారు గబుక్కున కళ్లు మూసుకుని ప్రార్థన ఎత్తుకున్నారు.

"ఊరందరినీ అడుగుతావు, పెళ్లికి ముందు నన్నడిగినావేటి?" అని దెప్పింది సూసన్న పిన్ని.

"అడిగితే నువ్వు నాది అడిగీదానివే!"

నవ్వుకోడానికి బాగానే ఉండేది గాని, అర్జీ ఓడిపోతే బాబాయితో పాటు ఆయన దగ్గర ఉతికేవాళ్లకీ కూడు ఉండదు. "నెగ్గినావా సరే. నేపోతే ఇకమీద నీ బట్టలు నువ్వే ఉతుక్కో" అని చాకిరేవు నుంచే నన్ను బెదిరించింది నూకాలమ్మ.

బాబాయి అడగని మనిషి ఊళ్లో ఒక్కడే ఉన్నాడు. రన్నింగ్ రూములో దుప్పట్లు పరిచే ఆర్థర్. ఆయన ఎదురైతే బాబాయి నోరు మూతపడేది. మోచెయ్యి పట్టుకుని రోడ్డు దాటించేవాడు. ఒకే చర్చివాళ్లు కదా అనుకున్నాను.

విచారణ రోజు వచ్చింది. విల్‌ఫ్రెడ్ చెయ్యని పని గురించి నేను అరగంట మాట్లాడాను. ఆఫీసరు ఆవలించి, బాబాయి వైపు తిరిగాడు.

"దుప్పట్లు ఉతికే పంపావా?"

"ఉతికే పంపినాను సార్."

"ఠీక్ హై. మరి మంచాల మీదికి మాసినవి ఎలా వచ్చాయి? అదొక్కటి చెప్పు, ఈ కాంట్రాక్టు ఇప్పుడే ఆపేస్తాను."

గది మూల ఆర్థర్ టోపీ నలుపుకుంటూ నిలబడి ఉన్నాడు. బాబాయి అటు ఒకసారి చూశాడు.

"ఏటో సార్. నా పాస్టు పెర్ఫార్మెన్సే బాగునేదు."

"బాబాయ్!" అని అరిచాను. ఆఫీసరు నన్ను బయటికి పంపించాడు.

మెట్ల మీద నిలబడి పళ్లు నూరుకుంటున్నాను. కాసేపటికి ఆర్థర్ గోడ తడుముకుంటూ వచ్చి నా రెండు చేతులూ పట్టుకున్నాడు.

"సొలొమోనూ, నా కళ్లల్లో పొరల సంగతి సెప్పనేదు నువ్వు. ఎరుపూ పచ్చా నాకు ఒకలాగే అవుపిస్తన్నాయని తెలిస్తే రిటైరవకముందే తీసేసీవోరు. క్వార్టరు ఖాళీ సెయ్యమనీవోరు. దేవుడు నిన్ను సల్లగా సూడాలి."

బాబాయి పొట్టి, బట్టతల, బానపొట్ట. నేను వెదురుకర్రకి చొక్కా తొడిగినట్టుంటాను. ఇంక నాకెవరూ ఏమీ చెప్పక్కర్లేకపోయింది.

"గెలవడం ఇష్టం లేనప్పుడు అర్జీ ఎందుకు పెట్టించావు?" అని ఇంటికెళ్లి దెబ్బలాడాను.

"విల్‌ఫ్రెడ్‌గాడి సంగతితోనే తేలిపోద్దనుకున్నాన్రా. అయినా నువ్వు రాస్తంటే బాగుండీది. కాళ్లు కాలిన పిల్లిలాగ తిరగడం మానేసినావు."

విల్‌ఫ్రెడ్ ఉతుకుడు చూసి డ్రైవర్లు ఇళ్ల నుంచే దుప్పట్లు తెచ్చుకోవడం మొదలుపెట్టారు. దాంతో ఫిర్యాదులు ఆగిపోయాయి. పాస్టు పెర్ఫార్మెన్సు అద్భుతమని కాంట్రాక్టు మళ్లీ వాడికే ఇచ్చారు.

బాబాయి నన్ను ఆ మాట ఆఖరిసారి అడిగింది తొంభై మూడులో. ఉద్యోగం ఇంటర్వ్యూకి పోతూ ఝపటాపూర్‌లో బాబాయి ఇస్త్రీబడ్డీ దగ్గర ఆగాను. సాలువా క్యాంపు పోలీసుల బట్టలు గుట్టలుగా ఉన్నాయి. నూకాలమ్మ నీళ్లు చిలకరిస్తోంది. పింఛనుతో రిటైరై, ఆపరేషన్ చేయించుకుని, సీసా అడుగంత అద్దాలు పెట్టుకున్న ఆర్థర్ మూటలు కడుతున్నాడు. ఎరుపూ పచ్చా గుడ్డలు ఎక్కడా లేవు. ఉతికినదానికి ఒక ముడి, మాసినదానికి రెండు. వేలితో తడిమితే చాలు.

బాబాయి నా చొక్కా ఇస్త్రీ చేసి తొడిగించాడు. ఎగాదిగా చూశాడు.

"నీ పాస్టు పెర్ఫార్మెన్సు ఏటిరా?"

"ఏటీ నేదు బాబాయ్. ఇప్పటిదాకా ఎవరూ పనే ఇవ్వలేదు."

"అయితే నీ మీద ఒక్క కంప్లైంటూ నేదన్నమాట! విల్‌ఫ్రెడ్‌కి ఇచ్చినోళ్లు నీకివ్వరేటి? ఎల్లెల్లు, సొక్కా నలిగిపోద్ది."