కదలకుండా నిలబడ్డ బజారు

పొద్దుగూకే వేళ మగ్రిబ్ అజాన్ చెవిన పడితే ఇప్పటికీ నా చూపు ముందు ఆకాశం మీదికే పోతుంది. హైదరాబాదులో కొత్తగా కట్టిన భవనాలను రాత్రిపూట ఫొటోలు తీసి ఇవ్వడం నా పని. ఏ డాబా మీదో ట్రైపాడ్ కాళ్లు బిగించుకుంటూ ఉంటానా, ఆ పిలుపు గాలిలో తేలుతూ రాగానే చేతులు వాటంతటవే తొందరపడతాయి. కింద దీపాలు వెలిగి, పైన ఆకాశం ఇంకా నీలంగా ఉండే ఆ కాసేపే రాత్రి ఫొటోకి అసలైన సమయం. "మగ్రిబ్‌కు, రాత్రి నమాజు ఇషాకు నడుమ తియ్యాలె. ఇషా అయినంక ఆకాశం బొగ్గు. బొగ్గును ఎవరు చూస్తరు?" అని బాన్సువాడలో నాకు నేర్పిన మనిషి రజియా ఆపా. ఆ నీలాన్ని ఆమె ఆకాశంలో తన కళ్లతో ఒక్కసారి కూడా చూడలేదు.

ఆపా పాత బజారులో చిన్న ఫొటో స్టూడియో నడిపేది. పర్దా పాటించే ఇళ్లలో పెళ్లి జరిగితే ఆడవాళ్ల వైపు ఫొటోలు తీయడానికి ఆడమనిషే కావాలి. కోటగిరి నుంచి బిచ్కుంద దాకా ఆ పనికి ఆమెనే పిలిచేవాళ్లు. మాది వర్ని దగ్గర పల్లె. తాతల నాడు కాలువ నీళ్లు చూసుకుని కోస్తా నుంచి వచ్చి స్థిరపడ్డ కుటుంబం. డిగ్రీ అయ్యాక, ఫొటోలు తీయడం కూడా ఒక ఉద్యోగమేనా అని మా నాన్న సణుగుతున్నా వినకుండా వెళ్లి ఆమె దగ్గర చేరాను. చేరిన రోజే ఆమె ఏదీ దాచకుండా చెప్పేసింది.

"నాకు రేచీకటి బేటా. పుట్టుకతోనే ఉన్నది. పొద్దు మునిగిందంటే నాకు ఊరు ఉండదు. ఇగ ఇప్పుడు పగటి చూపు గూడ పక్కలకెళ్లి మూసుకపోతున్నది. పైపులకెళ్లి చూసినట్టు కనవడ్తది. కొన్ని రోజులకు గది గూడ పోతదని దవాఖానల చెప్పిన్రు."

"మరి నేనేం చేయాలి ఆపా?"

"పెండ్లిళ్లల్ల నా పక్కన ఉండు. ఇంకొకటి ఉన్నది. పుట్టి పెరిగింది గీ బజార్లనే. రాత్రిపూట ఎట్లుంటదో నేను చూడలే. కెమెరా చీకట్ల గూడ చూస్తది గద. అది చూసింది నేను తెల్లారి చూస్కుంటా. కండ్లు పోకముందు ఒక్క ఫొటో చాలు. మా బజారు, మా మనుషులు."

ఆమె ఈ మాట ఏడుస్తూ చెప్పలేదు. కూరగాయలు తెమ్మన్నంత మామూలుగా చెప్పింది. నాకేమో చీకటంటే చచ్చేంత భయం. రాత్రి పెరట్లోకి వెళ్లాలంటే డిగ్రీ చదివేటప్పుడు కూడా అమ్మను నిద్ర లేపేదాన్ని. చీకట్లో చూడలేని ఆమె, చూడ్డానికి భయపడే నేను. ఈ ఇద్దరం కలిసి రాత్రిని ఫొటో తీయాలి.

పాఠాలన్నీ పట్టపగలే జరిగాయి. స్టూడియో గుమ్మంలో ట్రైపాడ్ నిలబెట్టి, ఇప్పుడు రాత్రి అనుకో అనేది. గాలి ఉంటే నడిమి కడ్డీ పైకి లేపొద్దు, కాళ్లే పొడుగు చేసుకో. వెలుతురును పట్టే చురుకు, అంటే ఐఎస్ఓ, వంద దగ్గరే ఉంచు. దాన్ని పెంచితే ఫొటో మీద చుక్కలు చుక్కలుగా గరుకు పడుతుంది. ఆ గరుకును ఆమె 'రవ్వ' అనేది. లెన్స్ కన్ను ఎంత తెరుచుకోవాలో చెప్పే అపర్చర్ ఎనిమిది పెడితే వీధి ఈ చివర, ఆ చివర రెండూ స్పష్టంగా వస్తాయి. చీకట్లో ఆటోఫోకస్ తడబడుతుంది, అందుకని దూరంగా ఉన్న ఒక దీపం మీద చేత్తో ఫోకస్ చేసుకుని ఇక దాన్ని ముట్టుకోవద్దు. బటన్ నొక్కిన వేలు వణుకు కూడా ఫొటోలోకి వస్తుంది కాబట్టి రెండు సెకన్ల టైమర్ పెట్టు. షట్టర్ పదిహేను, ఇరవై, ముప్పై సెకన్లు తెరిచి ఉంచు. "మన కండ్లు ఎప్పటిదప్పుడు చూసి పారేస్తయి. కెమెరా అట్ల కాదు, దాస్కుంటది," అనేది. ఫ్లాష్ ఊసెత్తితే మాత్రం కసిరేది. ఫ్లాష్ కొడితే అది రాత్రే కాదట.

మొదటిసారి వెళ్లింది వరి కోతల రోజుల్లో. ఆపాను చెయ్యి పట్టుకుని తీసుకెళ్లి, మూసేసిన మందుల షాపు తెల్లటి షట్టర్ ముందున్న కరెంటు స్తంభం దగ్గర నిలబెట్టాను. నేను రోడ్డు దాటి కెమెరా పెట్టుకున్నాను. బజారు కిటకిటలాడుతోంది. ధాన్యం ట్రాక్టర్లు, మోటారు సైకిళ్లు, గాజుల బండి చుట్టూ ఆడవాళ్లు, మల్లేశన్న చాయ్ కొట్టు దగ్గర గుంపు. పొలాల నుంచి వచ్చిన పురుగులు ప్రతి దీపం చుట్టూ ముసురుకుంటున్నాయి, లెన్స్ మీద వాలితే చున్నీతో తుడుచుకుంటున్నాను. టైమర్ నొక్కాను. షట్టర్ తెరుచుకుంది. ముప్పై సెకన్ల తర్వాత వెనక తెర మీద ఫొటో వచ్చింది.

బజారులో ఎవరూ లేరు. దుకాణాలున్నాయి, బోర్డులున్నాయి, దీపాలు వెలుగుతున్నాయి. రోడ్డు మీద మోకాలెత్తున బండ్ల వెనక దీపాల ఎర్రటి గీతలు మాత్రం పోతున్నాయి. మనుషులంతా ఊరు ఖాళీ చేసి లేచిపోయినట్టుంది. తలెత్తి చూస్తే నా ముందు అంతమందీ తిరుగుతూనే ఉన్నారు. మళ్లీ తెర చూస్తే ఒక్కరూ లేరు. తెల్లటి షట్టర్ ముందు నల్లటి బురఖాలో ఒక ఆకారం మాత్రం నిటారుగా, గీసినట్టు స్పష్టంగా నిలబడి ఉంది. అది ఆపానే. కదిలేవాళ్లను పొడుగాటి ఎక్స్‌పోజర్ నిలుపుకోదని ఆమే నాకు చెప్పింది, తెలుసు. తెలిసినా తెర వైపు మళ్లీ చూడలేకపోయాను. చీకట్లో అడుగు తీసి అడుగు వేయలేక ఆమె నేను నిలబెట్టిన చోటే బిగుసుకుని ఉండిపోయింది. అందుకే ఊరు మొత్తంలో కెమెరాకి ఆమె ఒక్కతే మిగిలింది.

మర్నాడు పొద్దున కంప్యూటర్ తెరకు మొహం ఆనించి, ఫొటోను కొంచెం కొంచెంగా చూసింది. పక్క చూపు లేదు కాబట్టి తల తిప్పుకుంటూ ముక్క ముక్కగా చూడాలి ఆమె.

"మనుషులేరి బేటా?"

"కదిలారు ఆపా, అందుకే రాలేదు."

"గీడ నిలవడ్డది ఎవరు?"

"మీరే."

"అందరు పోయినంక నేను ఒక్కదాన్ని మిగిలిన లెక్కున్నది. నాకు రాత్రి గిట్లనే అనిపిస్తది రోజు. గిది నాకు తెలిసిందే. నాకు తెల్వంది గావాలె," అంది. మల్లేశన్న కూడా వచ్చి చూశాడు. కాసేపు కొట్టు ముందు నిలబడి, తర్వాత లోపలికి వెళ్లడం వల్ల అతను ఫొటోలో సగం సగం పడ్డాడు. అతని ఛాతీలోంచి వెనక గోడ కనిపిస్తోంది. "నా పెయ్యిలకెళ్లి గోడ కనవడ్తుందేందక్కా, దీన్ని తీసెయ్యుండ్రి," అని వెళ్లిపోయాడు. ఆ రోజు మాకు చాయ్ కూడా పంపలేదు.

మనుషులు కావాలంటే షట్టర్ వేగం పెంచాలి. పెంచితే వెలుతురు చాలదు, ఐఎస్ఓ పెంచాలి. మా పాత కెమెరా దానికి తట్టుకోలేదు. అపర్చర్ పూర్తిగా తెరిచి, ఐఎస్ఓ ఆఖరి దాకా పెట్టి తీసినవాటిలో మనుషులైతే వచ్చారు గానీ ఒక్క మొహమూ ఆనవాలు దొరకదు. ఆపా కళ్లు నలుపుకుని నలుపుకుని చూసేది. "రవ్వల దాచిపెట్టినట్టున్నరు, ఎవరు ఎవరో ఎరుకైతలేదు." ఆ శీతాకాలం ఆమె చూపు ఇంకా కుంచించుకుపోయింది. బిచ్కుందలో ఒక పెళ్లిలో పక్కనే ఉన్న షర్బత్ పళ్లెం కనిపించక తగిలి కింద పడేసింది. తిరుగు ప్రయాణంలో షేర్ ఆటోలో నా భుజం పట్టుకుని, "జల్ది చెయ్యాలె వసుధా," అంది. అప్పటిదాకా ఆమె నోట ఆ మాట రాలేదు. నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

ఉపాయం ఆమెకే తట్టింది. పాస్‌పోర్ట్ ఫొటోకి ఒక ముసలాయనను స్టూల్ మీద కూర్చోబెట్టి, కదలొద్దు, రెప్ప కొట్టొద్దు అని అలవాటుగా చెబుతూ మధ్యలో ఆగిపోయింది. ఆయన వెళ్లాక నా వైపు తిరిగి, "గీ బజార్ల నేను కదలొద్దు అంటే కదలనోళ్లే అందరు. ఒక్కొక్కరిని గదే స్టూల్ మీద కూసోవెట్టిన. అందర్ని ఒక్కసారే అడిగితే వినరా?" అంది. వారం రోజులు పగటిపూట దుకాణం దుకాణానికీ తిరిగింది. టైలర్ యూసుఫ్ భాయ్ ముందు నవ్వాడు. మల్లేశన్న, మేమేమన్న బట్టల దుకాణం బొమ్మలమా అని ఆటపట్టించాడు. ఎందుకో చెప్పాక ఎవరూ నవ్వలేదు. ఆపా అందరి దగ్గరా ఒకే మాట గట్టిగా తీసుకుంది. వసుధ ఆగమన్న కాడికెళ్లి మళ్ల చెప్పే దాంక ఏమైనా సరే, ఎవరు పిలిచినా సరే కదలొద్దు, మాట్లాడొద్దు.

అనుకున్న సాయంత్రం నమాజు ముగిసి జనం బయటికొచ్చారు. ఆకాశం ఇంకా నీలంగానే ఉంది. ఐఎస్ఓ వంద, అపర్చర్ ఎనిమిది, షట్టర్ పదిహేను సెకన్లు. అంతకంటే ఎక్కువసేపు మనుషులు నిలబడలేరని ఆపా లెక్క. తనూ తన బజారులోనే ఉంటానని మళ్లీ ఆ స్తంభం పక్కనే నిలబడింది. "ఆగండి" అని గట్టిగా అరిచి టైమర్ నొక్కాను.

బజారు ఆగిపోయింది. ఇంతమంది మాట ఇంతగా వింటారని నేను అనుకోలేదు. రెండు చివర్లా మోటారు సైకిళ్ల ఇంజన్లు ఆపేశారు. కుట్టు మిషన్ ఆగింది. చాయ్ గిన్నె కింద మంట ఆగింది. గాజులు చూపిస్తున్న చెయ్యి గాలిలో అలాగే ఉండిపోయింది, ఒక తల్లి తన బిడ్డ నోరు మూసి పట్టుకుంది. గిన్నె మీద ఆవిరీ, దీపాల చుట్టూ పురుగులూ తప్ప ఏదీ కదలడం లేదు. ఇంతమంది ఊపిరి ఉన్న మనుషులు ఒక్క చప్పుడూ లేకుండా, రెప్పలు వేయకుండా నిలబడి ఉంటే చూడ్డం ఎంత భయమో అప్పుడే తెలిసింది నాకు. వీళ్లు మళ్లీ కదలరేమో అనిపించింది.

షట్టర్ తెరుచుకున్న చప్పుడుతో పాటే స్తంభం దగ్గర ఆపా చెయ్యి ముందుకు చాచింది. చీకట్లో ఆమెకి ఊరంటే చప్పుడే. మిషన్ చప్పుడు యూసుఫ్ భాయ్, గ్లాసుల చప్పుడు మల్లేశన్న, గాజుల చప్పుడు గాజుల బండి. అవన్నీ ఒక్కసారిగా పోయేసరికి ఆమె పాలిట ఊరే పోయింది. ఒక అడుగు వేసింది. ఇంకొకటి వేసింది. "వసుధా?" అంది. "మల్లేశా? ఎవరన్న ఉన్నరా?" ఆమె గొంతు అంత సన్నగా ఉండగా నేనెన్నడూ వినలేదు. ఎవరూ పలకలేదు. ఎవరు పిలిచినా పలకొద్దని ఆమే మాట తీసుకుంది కదా, బజారంతా ఆ మాట మీద నిలబడింది. ఆమె చేతులు చాచి తడుముకుంటూ వాళ్ల మధ్య నుంచి నడుస్తోంది, తనకు మూరెడు దూరంలో మనిషి ఉన్నా తెలియడం లేదు. మల్లేశన్న కళ్లలోంచి నీళ్లు కారుతున్నాయి గానీ మనిషి కదల్లేదు. నా నోరు కూడా పెగల్లేదు. ఆ పదిహేను సెకన్లలో మేమంతా చచ్చిపోయి, ఆమె ఒక్కతే బతికి మమ్మల్ని వెతుక్కుంటున్నట్టు ఉంది.

షట్టర్ మూసుకుంది. నేను ఏదో అరిచాను, ఏమని అరిచానో గుర్తు లేదు. బజారు మొత్తం ఆమె మీదికి పరిగెత్తింది. "ఈడనే ఉన్నం అక్కా, అందరం ఈడనే ఉన్నం," అని మల్లేశన్న ఆమె రెండు చేతులూ పట్టుకున్నాడు. ఇంటి దాకా యూసుఫ్ భాయ్ తన కుట్టు మిషన్‌లా ఆగకుండా ఏదో ఒకటి మాట్లాడుతూనే ఆమె పక్కన నడిచాడు.

ఆ రాత్రి నేను ఫొటో తెరిచి చూసి, మళ్లీ మూసేశాను. తెల్లారి ఆమెకు చూపించడానికి మనసు రాలేదు. కానీ ఆమె అప్పటికే వచ్చి కుర్చీలో కూర్చుంది, తెర వెలుతురు పెంచమంది. మొహం దగ్గర పెట్టి ఎడమ చివర నుంచి మొదలుపెట్టింది. "యూసుఫ్ భాయ్. మెడల టేపు గూడ ఉన్నది. గిది పోశవ్వ, గాజుల బండి. మల్లేశ్ ఏడుస్తుండేంది, పిచ్చోడు." ఒక్కొక్కరి పేరూ చెప్పుకుంటూ పోయింది. అందరూ ఉన్నారు. పైన ఆకాశం నీలంగా ఉంది. "గీ నీలమేనా నేను నీకు చెప్పింది," అని అక్కడ చాలాసేపు ఆగింది. చివరికి మందుల షాపు తెల్లటి షట్టర్ దగ్గరికి వచ్చింది. అక్కడ స్తంభం ఉంది, దాని పక్కన ఎవరూ లేరు.

"నేనేది?"

"కదిలారు కదా ఆపా," అన్నాను. అని తల దించుకున్నాను. ఒక్కతే మిగిలిన ఫొటో చూసి అంత బాధపడ్డ మనిషి, అందరూ ఉన్న ఫొటోలో తానే లేకపోతే ఏమైపోతుందో అనుకున్నాను.

ఆపా వెనక్కి వాలి, తెర వైపే చూస్తూ నవ్వింది. "మంచిగైంది. నువ్వు రోజు నీ కండ్లతోని బజారు చూస్తవు గద, దాంట్ల నువ్వు కనవడ్తవా? చూసేటోళ్లు కనవడరు. ఇన్నేండ్లకు నేను చూసిన బేటా," అంది. మళ్లీ ముందుకు వంగి, యూసుఫ్ భాయ్ దగ్గర నుంచి పేర్లు మొదలుపెట్టింది.

ఇప్పుడు ఆమెకి పగలు కూడా కనిపించదు. స్టూడియో మూసేసి చాలాకాలమైంది. నేను ఫోన్ చేస్తే, ఆకాశం ఏ రంగుల ఉన్నదని అడుగుతుంది, చెబుతాను. చీకటి భయం నాకు పూర్తిగా పోలేదు. అయినా రోజూ చీకట్లోనే పని చేస్తాను. షట్టర్ తెరుచుకుని మూసుకునే లోపల ఉండే ఆ నిశ్శబ్దాన్ని మాత్రం భరించలేను. ఇక్కడే ఉన్నాను, ఇక్కడే ఉన్నాను అని మెల్లగా అంటూనే ఉంటాను. మొన్న నాతో పనిచేసే ఒకావిడ, ఖాళీ డాబా మీద ఎవరితో మాట్లాడుతున్నారు మేడమ్ అని అడిగింది. కింద ఆ చీకట్లో ఎవరైనా కదలలేక నిలబడి ఉన్నారేమో, వాళ్లతో అని చెప్పాను.