బొంబాయి వైరు, మా నాయన ఆవు

మొన్న మా అల్లుడు పట్నం నుంచి పాటలు వినే డబ్బాలు రెండు తెచ్చి హాల్లో పెట్టాడు. డబ్బాలు తెస్తే తెచ్చాడు గానీ, వాటిని కలిపే వైరు మాత్రం వేరుగా, మఖమల్ గుడ్డ పరిచిన పెట్టెలో, నగల దుకాణంలో హారం ఇచ్చినట్టు వచ్చింది. దాని ధర మా అమ్మాయి నా చెవిలో చెప్పింది. ఆ పైసలకు మా కాలంలో జత ఎడ్లూ బండీ వచ్చేవి. అల్లుణ్ణి అత్త ఒక్క మాట అనరాదని ఎవరు పెట్టారో గానీ, ఆ పూట నాకు అన్నం సయించలేదు. మూడో తరగతిలో బడి మానేసినదాన్ని, రాతలో తప్పులుంటే సర్దుకోండి. కోపంలో మాత్రం తప్పు లేదు, అది ఎక్కడి నుంచి వచ్చిందో చెబుతాను.

నా ఈడు వాళ్లకు మైకు సెట్టు సంగతి వేరే చెప్పనక్కరలేదు. తెల్లారకముందే ఇంటి మీద వెదురు పాతి, ఇనుప హారన్ కట్టి పాట వేస్తే ఫలానా వాళ్లింట పెళ్లని జహీరాబాద్‌లో నాలుగు గల్లీలకు తెలిసిపోయేది. మా ఆయనకు బస్టాండు దగ్గర అలాంటి మైకు సెట్ల దుకాణం ఉండేది. పెళ్లిలో పాటలకన్నా ముఖ్యమైన పని ఆ మైకుకు ఇంకొకటి ఉండేది, కట్నాలు చదవడం. బంతి భోజనాలు నడుస్తుండగా ఒకాయన మైకు ముందర కూర్చొని, పెళ్లికూతురికి ఎవరేం పెట్టారో, చెంబైనా చీరైనా, పేరూ ఊరూ చెప్పి చదివేవాడు. పెట్టినవాడు ఎంగిలి చేయి అట్లాగే పట్టుకొని, తన పేరు వినపడేదాకా ముద్ద ఎత్తేవాడు కాదు. నవ్వకండి, పేదవాడి పేరు ఊరంతా వినే రోజు జన్మలో అదొక్కటే.

మా నాయనది రాయికోడ్ దిక్కు, వానను నమ్ముకున్న రాళ్ల చెలక. కరువు పడ్డ యేడు నా పెద్దకొడుకును తొట్లెలో, అంటే ఉయ్యాలలో, వేసిన పండుగకు వచ్చి, పాపం ఏమీ తేలేక, మనుమణ్ణి ముద్దాడి ఒట్టి చేతులతో తిరిగిపోయాడు. ఆనాటి నుంచి మా అత్తకు అదొక పాటైపోయింది. ఇంటికి ఏ చుట్టం వచ్చినా చాలు, "చేతులూపుకుంట వచ్చిండు, ఊపుకుంట పోయిండు మా యియ్యంకుడు" అని మొదలుపెట్టేది. నేను పొయ్యి దగ్గర జొన్నరొట్టె కొడుతూ వినేదాన్ని. ఒకరోజు కాదు, ఏళ్లకేళ్లు విన్నాను.

ఎనభైల మొదట్లో మా ఆయన చిన్న చెల్లెలికి, అంటే నా ఆడబిడ్డకు, బీదర్ దిక్కు సంబంధం కుదిరింది. ఆ మాట తెలిసిన నాడే నాయన, దూడప్పటి నుంచి తన చేత్తో పెంచిన ఆవును, తొలిచూలు ఈనినదాన్ని, దూడతో సహా పెళ్లికూతురికి పెడతానన్నాడు. నన్ను అడిగింది ఒక్కటే. "నా పేరు మైకుల సక్కగ చదివిపియ్యి బిడ్డా. మీ అత్త వినాలె."

ఆ హారనుకు వెనకాల యూనిట్ అని ఒకటి ఉంటుంది, శబ్దం పుట్టేది అందులోనే. వానకాలం నుంచి అది గొంతు పట్టిన ముసలాయన లాగా గరగరమంటోంది. పెళ్లిలోపు కొత్త యూనిట్ తెమ్మని, ఇల్లు గడుపుతూ నేను మిగిల్చి జొన్నల గుమ్మిలో దాచిన పైసలు మా ఆయన చేతిలో పెట్టాను. ఇంతలో బొంబాయికి అల్లం లారీ తోలే మా మరిది, పాట వేసే మిషనును హారనుకు కలిపే వైరు చుట్ట ఒకటి భుజానికి వేసుకొని దిగాడు. బొటనవేలంత లావు, పైన పాముకుబుసం లాంటి మెరుపు. "దోషం యూనిట్ల లేదన్నా, వైర్ల ఉన్నది. బొంబాయిల పెద్ద పెద్ద హాళ్లల్ల గిదే ఏస్తరు" అన్నాడు. నా యూనిట్ పైసలు ఆ చుట్టకే పోయాయి.

మా వాకిట్లో పరీక్ష కూడా చేశారు. ఒక పాటను పాత వైరు మీద వేసి, మళ్లీ అదే పాటను కొత్త వైరు మీద వేశారు. గల్లీలో మగవాళ్లంతా చేరి, తేనె తాగినట్టుందని ఒకరు, పక్కన కూర్చొని పాడినట్టుందని ఇంకొకరు తలలూపారు. నాకు రెండింటిలోనూ అదే గరగర వినపడింది. చేతుల పిండి దులుపుకొని బయటికి వచ్చి చూద్దును గదా, మిషను వెనకాల పాత వైరే ఉంది, కొత్తది చుట్ట విప్పకుండా మంచం మీద పడుకొని ఉంది. మార్చడం మరిచిపోయారు! నేను వేలు పెట్టి చూపించాను. మా ఆయన పెద్దగా నవ్వి, "ఆడోళ్లకు వైర్ల సంగతేం ఎరుక, పో, రొట్టె మాడుతున్నది" అన్నాడు. నిజమే, రొట్టె మాడింది. దానికీ నన్నే అన్నారు.

పెళ్లినాడు పొద్దున నాయన దూడతో సహా ఆవును తోలుకొని నడిచే వచ్చాడు. దాని కొమ్ములకు పసుపు రాసి, మెడకు కొత్త పగ్గం వేసి, పందిరి గుంజకు కట్టి బంతిలో కూర్చున్నాడు. అత్త ఎదురుగానే పీట మీద ఉంది. కట్నాలు మొదలయ్యాయి. మేనమామ చీర వినపడింది, చిరాగ్‌పల్లి చుట్టాల ఇత్తడి బిందె వినపడింది. "రాయికోడ్ నుంచి పెండ్లికూతురు వదిన వాళ్ల నాయన" అనేదాకా వచ్చి హారన్ చర్రుమని చప్పబడింది. చదివేవాడు ఎదుట కూర్చున్న నలుగురికి వినపడేట్టు తన మానాన చదువుకుంటూ పోయాడు. ఆవు పేరు, మా నాయన పేరు వడ్డించే గిన్నెల చప్పుడులో కలిసిపోయాయి.

మా ఆయనా మరిదీ ఇద్దరూ పరుగెత్తారు, ఎక్కడికి? వైరు దగ్గరికి. జానెడు జానెడు తడిమి, ధోతి కొంగుతో తుడిచి, మరిది నా ముందరికి వచ్చి ధైర్యం చెప్పాడు. "ఫికర్ జెయ్యకు వదినే, వైరుకు ఏం కాలేదు. వైరు బంగారం."

"బంగారమైతే మెడల ఏసుకో" అన్నాను. పెళ్లి పందిట్లో, అందరి ముందర అన్నాను.

పక్క దుకాణం నుంచి వేరే హారన్ తెచ్చేసరికి కట్నాలు అయిపోయాయి. మా నాయనది మళ్లీ చదవమని నేను బతిమాలితే అత్త చేయి అడ్డం పెట్టింది. "చదివిన కట్నం మల్ల చదువుతరా, ఎక్కడన్న ఉన్నదా?" అంది. నాయన విస్తరిలో అన్నం అట్లాగే ఉంది. చేయి కడుక్కొని, ఆవు గంగడోలు నిమిరి, నా దిక్కు చూసి నవ్వబోయాడు. "మైకు పోతె పోనీ బిడ్డా, ఆవుకు నోరున్నది గద" అని బస్సుకు నడిచాడు. నలభై ఏళ్లు దాటినా, చెప్పులు ఈడ్చుకుంటూ పోయిన ఆ నడక తలచుకుంటే నాకు పళ్లు పటపటమంటాయి. వెలగల వైరు మంచిదా అని అడిగేవాళ్లకు నా జవాబు ఇదే. వైరు మంచిదే, దానికి పెట్టిన పైసలు ఎక్కడ పెట్టాల్సినవో అది అడగండి.

చాలా ఏళ్లకు ఆడబిడ్డ పుట్టింటికి వచ్చి, అత్త పక్కన కూర్చొని మాటల్లో అంది, వాళ్లింట్లో ఆ ఆవునూ దాని కడుపున పుట్టిన ప్రతి దూడనూ రాయికోడ్‌ది అనే పిలుస్తారట. "రాయికోడ్‌ది పాలిస్తెనే మా పొయ్యి మీద చాయ్ మరుగుతది వదినే" అంది. అత్త విన్నది. గోడ దిక్కు తిరిగి పడుకుంది, మళ్లీ ఆ పాత పాట ఎత్తలేదు. ఆ మాట మోసుకుపోయి చెబుదామంటే, అప్పటికి నాయన పోయి రెండు చలికాలాలు అయింది.

ఇప్పుడు పెళ్లిళ్లలో తలుపులంత డబ్బాలు పెడుతున్నారు, శబ్దానికి గుండె అదురుతుంది. కట్నాలు చదవరు, కవర్లో వేసి పెట్టెలో పడేస్తే, ఎవరేం పెట్టారో ఇంటికి పోయాక చూసుకుంటారు. ఎవరికీ అవమానం లేదు, మంచిదే. పెంచిన ఆవును ముందర తోలుకొని, ఒక్క మాట కోసం రాయికోడ్ నుంచి నడిచివచ్చే మనిషీ లేడు.